మీ వీధి డ్రైనేజీ లైను ఎవరిది?

2021 సెప్టెంబర్ దాకా హైదరాబాద్ శివారు కాలనీల్లో ఒక వింత ఏర్పాటు నడిచింది. ఇంటికి నీళ్లిచ్చేది జలమండలి. అవే నీళ్లు వంటింట్లోంచి, బాత్‌రూమ్‌లోంచి మురుగై బయటికొస్తే మోసుకెళ్లే వీధి పైపు నగర కార్పొరేషన్ జీహెచ్‌ఎంసీది. ఆ వీధి పైపు పోయి కలిసే పెద్ద ట్రంక్ లైను, దాని చివరనున్న శుద్ధి కేంద్రం మళ్లీ జలమండలివి. మ్యాన్‌హోల్ పొంగి మురుగు గుమ్మం ముందుకొస్తే ఇంటివాళ్లు ఫోన్ ఎవరికి చేయాలి? వీధి పైపు పూడుకుపోయిందా, లేక దిగువన ట్రంక్ లైను నిండి నీరు వెనక్కి తన్నుతోందా అన్నది తేలితే తప్ప బాధ్యత ఎవరిదో తేలదు. అది తేలాలంటే రెండు ఆఫీసుల వాళ్లూ వచ్చి, రెండు చోట్ల మూతలెత్తి చూడాలి. ఈలోగా మురుగు ఆగదు కదా.

ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి శివారు సర్కిళ్ల మురుగునీటి లైన్ల నిర్వహణ జీహెచ్‌ఎంసీ చేతి నుంచి జలమండలి చేతికి వెళ్లింది. మంచి నిర్ణయమే. అయితే "బదిలీ చేశారు" అని ఒక్క మాటలో చెప్పేసే ఈ పనిలో ఏమేం ఉంటాయో చాలామందికి తెలియదు. నేల కింద ఐదారు అడుగుల లోతున, ఎవరు ఎప్పుడు వేశారో సరిగ్గా రాసిపెట్టని పైపును ఒకరు ఇంకొకరికి అప్పగించడం అంటే అసలేం అప్పగిస్తున్నట్టు? పైపునా, దాని పటాన్నా, దాని మీద వచ్చే ఫిర్యాదులనా, దాన్ని శుభ్రం చేసే మనుషులనా, అందుకయ్యే డబ్బునా? నా లెక్కలో ఇవన్నీ కలిసి వెళ్తేనే అది బదిలీ. ఇందులో ఏ ఒక్కటి వెనక ఉండిపోయినా ఆ పైపు దిక్కులేనిదే అవుతుంది.

ఇన్ని చేతులు ఎక్కడి నుంచి వచ్చాయి

1908 సెప్టెంబర్‌లో మూసీ ఊరిని ముంచేశాక నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను ఆపే మార్గాలతో పాటు నగరానికి భూగర్భ డ్రైనేజీ కూడా కావాలని ఆయన చెప్పారు. ఆ పని 1931 నాటికి ఒక రూపానికి వచ్చింది. అప్పటి లెక్క 54 చదరపు కిలోమీటర్లు, 4.68 లక్షల జనం. 1989 నవంబర్ 1న ప్రత్యేక చట్టంతో జలమండలి ఏర్పడి తాగునీటినీ మురుగునీటినీ ఒకే సంస్థ కిందికి తెచ్చింది. కానీ మురుగునీటి విషయంలో ఆ సంస్థ చేయి అందింది పాత నగరపాలక సంస్థ హద్దుల దాకానే.

తర్వాత ఊరు హద్దులు దాటి పెరిగింది. 2007 ఏప్రిల్ 16న ఎల్బీనగర్, ఉప్పల్, మల్కాజిగిరి, కాప్రా, అల్వాల్, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, రాజేంద్రనగర్ లాంటి 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ ఏర్పాటు చేశారు. 170 చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఉన్న నగరం ఒక్కసారిగా 600 దాటింది. ఆ మున్సిపాలిటీల ఆస్తులు, అప్పులు, సిబ్బందితో పాటు వాటి డ్రైనేజీ పైపులు కూడా జీహెచ్‌ఎంసీకి వచ్చాయి. శివార్లకు నీళ్లిచ్చే పని జలమండలి తీసుకుంది. మురుగు మాత్రం జీహెచ్‌ఎంసీ దగ్గరే ఉండిపోయింది. అలా 14 ఏళ్లు గడిచాయి.

ఆ 12 మున్సిపాలిటీల్లోని పైపులు కూడా ఒక పద్ధతిలో వేసినవి కావు. చాలా ప్రాంతాలు ఒకప్పుడు పంచాయతీలు. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లలో ఇళ్లు లేచాయి. మొదట్లో ఎవరి ఇంటి ముందు వాళ్లు సెప్టిక్ ట్యాంకు కట్టుకున్నారు. ఇళ్ల మీద అంతస్తులు లేచి ట్యాంకులు చాలకపోయేసరికి కాలనీ సంక్షేమ సంఘం ఇంటికింత అని వసూలు చేసి, తెలిసిన కాంట్రాక్టరుతో ఆరంగుళాల పైపు వేయించింది. పక్క వీధిలో ఎమ్మెల్యే నిధులతో వేశారు. ఆ పక్క వెంచర్‌లో బిల్డరు వేశాడు. ఇవన్నీ తీసుకెళ్లి ఎక్కడ కలిపారంటే, దగ్గర్లో ఏ పల్లం ఉంటే అందులో. నాలా ఉంటే నాలాలో, లేకపోతే చెరువులో. హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల్లో గుర్రపుడెక్క ఎందుకు పేరుకుపోతుందో అడిగేవాళ్లు ముందు ఈ పైపుల చివర చూడాలి.

2004లో కృష్ణా తాగునీటి పథకం మొదటి దశ, 2008లో రెండో దశ, 2015లో మూడో దశ, అదే ఏడాది గోదావరి. నీళ్లు శివార్లకు చేరేకొద్దీ ఇళ్లలో వాడకం పెరిగింది. ఇంటికి వచ్చే నీటిలో సుమారు 80 శాతం మురుగుగా తిరిగి బయటికి పోతుందని ఇంజినీర్లు లెక్కవేస్తారు. నీళ్ల పైపును జలమండలి పెద్దది చేస్తే, మురుగు పైపును జీహెచ్‌ఎంసీ పెద్దది చేయాలి. రెండు సంస్థలు, రెండు బడ్జెట్లు. ఒకదాని పని వేగం ఇంకోదానికి ఎందుకు ఉంటుంది? వీధుల్లో పొంగే మ్యాన్‌హోళ్లకు సగం కారణం ఇక్కడుంది.

గోడ నుంచి ట్రంక్ లైను దాకా

ఎవరిది ఏది అన్నది తెలియాలంటే మురుగు నడిచే దారి తెలియాలి. ఇంటి కాంపౌండ్‌లో మూలన ఒక చాంబర్ ఉంటుంది. బాత్‌రూమ్, వంటింటి పైపులన్నీ అందులోకి వస్తాయి. అక్కడి నుంచి గోడ కింద దూరి వీధి మధ్యలోని లైనుకు కలిసే చిన్న పైపు ఒకటి. వీధి లైను మీద కొన్ని పదుల అడుగులకొక మ్యాన్‌హోల్, మలుపులో తప్పకుండా ఒకటి. వీధి లైన్లు కలిసి సబ్ మెయిన్, సబ్ మెయిన్‌లు కలిసి ట్రంక్. పల్లం చాలని చోట మధ్యలో పంపింగ్ స్టేషన్. చివర శుద్ధి కేంద్రం, అంటే ఎస్టీపీ.

ఇంటి లోపలి చాంబర్ ఇంటి యజమానిది అనడంలో గొడవ లేదు. ట్రంక్ లైను ప్రభుత్వానిది అనడంలోనూ లేదు. గొడవంతా మధ్యలోనే. గోడ దాటాక వీధి లైను దాకా ఉన్న ఆ నాలుగైదు అడుగుల పైపు ఎవరిది? ఇంటాయనే డబ్బు పెట్టి కలుపుకున్నాడు, కానీ అది ఉన్నది ప్రభుత్వ రోడ్డు కింద. అది పగిలితే రోడ్డు తవ్వాలి, తవ్వాలంటే అనుమతి కావాలి, తవ్వాక పూడ్చాలి. ఇక కాలనీ సంఘం డబ్బుతో వేసిన వీధి లైను? రోడ్డు మున్సిపాలిటీది కాబట్టి పైపు కూడా వాళ్లదే అని కాలనీవాళ్లు అనుకుంటారు. మేము వేయలేదు, మా రికార్డులో లేదు, కాబట్టి మాది కాదని అవతలివాళ్లు అనుకుంటారు. పైపు బాగున్నంత కాలం ఈ ప్రశ్న ఎవరికీ రాదు. పూడుకుపోయిన రోజే అందరికీ ఒకేసారి వస్తుంది.

లేఅవుట్ల విషయంలో చట్టం కొంత దారి చూపించింది. అనుమతి ఉన్న లేఅవుట్‌లో రోడ్లు, పార్కులు, ఖాళీ స్థలాలను డెవలపర్ స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ రాసి రిజిస్టర్ చేసి ఉచితంగా అప్పగించాలి. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే పద్ధతి. కానీ గిఫ్ట్ డీడ్ అంటే భూమి పత్రం. అందులో చదరపు గజాలు ఉంటాయి, హద్దులు ఉంటాయి. ఆ రోడ్డు కింద ఎన్ని అంగుళాల పైపు, ఏ లోతున, ఏ వాలులో ఉందో రాసిన డ్రాయింగ్ దానికి జతచేసి ఉందా అని అడిగేవాళ్లు తక్కువ. ప్లాటు కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు 30 ఏళ్ల వెనక్కి వెళ్లి చూసే మనం, డ్రైనేజీ డ్రాయింగ్ ఒక్కసారైనా అడగం. అనుమతి లేని లేఅవుట్లలో ఆ గిఫ్ట్ డీడ్ కూడా ఉండదు. గేటెడ్ కమ్యూనిటీల్లో గేటు లోపలి లైన్లు, ఎస్టీపీ సంఘం చేతిలోనే ఉంటాయి. అక్కడ ప్రశ్న గేటు బయట ఎక్కడ కలిపారన్నది.

తీసుకునేవాళ్లు ఎందుకు తటపటాయిస్తారు

కాలనీ సంఘం వెళ్లి "మా లైను మీరు తీసుకోండి" అంటే అధికారులు వెంటనే సంతకం పెట్టరు. దాన్ని మొండితనం అని తీసిపారేయలేం. ఇంజినీరుగా ఆలోచిస్తే వాళ్ల భయం అర్థమవుతుంది. పైపును తీసుకోవడమంటే దాని వయసును, దాని రోగాలను కూడా తీసుకోవడమే.

రెండు మ్యాన్‌హోళ్ల మధ్య లైను తిన్నగా ఉందో లేదో చూడటానికి పాత పద్ధతి ఒకటుంది. ఒక మ్యాన్‌హోల్‌లో పైపు మూతి ఎదుట దీపం పెడతారు. రెండో మ్యాన్‌హోల్‌లో పైపు మూతి ఎదుట అద్దం పెట్టి పైనుంచి చూస్తారు. అద్దంలో వెలుగు నిండు గుండ్రంగా కనిపిస్తే లైను తిన్నగా ఉన్నట్టు, లోపల అడ్డం లేనట్టు. అర్ధచంద్రంలా కనిపిస్తే పైపు ఎక్కడో కుంగింది, లేదా పక్కకు జరిగింది, లేదా అడుగున సిమెంటు ముద్ద గడ్డకట్టింది. వెలుగే కనిపించకపోతే చెప్పేదేముంది. ఇప్పుడైతే చక్రాల మీద నడిచే కెమెరాను లోపలికి పంపి టీవీలో చూస్తున్నారు. అతుకుల దగ్గర దూరిన వేపచెట్టు వేళ్లతో సహా కనిపిస్తాయి. నీళ్లు నింపి లీకేజీ చూసే పరీక్ష వేరే ఉంది. కొత్తగా వేసిన లైనుకు ఇవన్నీ చేయడం సులువు. పదిహేనేళ్లుగా మురుగు పారుతున్న లైనుకు చేయాలంటే ముందు దాన్ని ఆపి, పూడిక తీసి, కడగాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టాలి? అప్పగించేవాళ్లా, తీసుకునేవాళ్లా? చాలా బదిలీలు సరిగ్గా ఇక్కడే ఆగిపోతాయి. లేదంటే ఈ పరీక్షలేవీ లేకుండానే కాగితం మీద జరిగిపోతాయి. రెండోదే ఎక్కువ ప్రమాదం.

వాలు ఇంకో సమస్య. మురుగు పైపులో నీరు సెకనుకు కనీసం 0.6 మీటర్ల వేగంతో పారాలి. అంతకంటే నెమ్మదిగా పారితే ఇసుక, నూనె జిడ్డు, మలం అడుగున పేరుకుంటాయి. కాంట్రాక్టరు లెవెల్ మెషీన్ పెట్టకుండా కంటితో చూసి వేసిన లైనులో ఈ వేగం రాదు. ఎన్నిసార్లు పూడిక తీసినా ఆరు నెలలకు మళ్లీ అదే కథ. అలాంటి లైనును బాగుచేయడం అంటే తీసేసి కొత్తది వేయడమే.

నిలిచిపోయిన మురుగుతో ఇంకో నష్టం ఉంది. గాలి ఆడని చోట అది కుళ్లి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. కుళ్లిన గుడ్ల వాసన వచ్చేది దానివల్లే. ఆ వాయువు పైపు పైకప్పున ఉన్న తేమలో చేరితే, అక్కడుండే బ్యాక్టీరియా దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం సిమెంటు పైపును పైభాగం నుంచి తినుకుంటూ వస్తుంది. అడుగున నీరు మామూలుగా పారుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఒకరోజు పైనుంచి ట్యాంకరు వెళ్తుంటే రోడ్డు కుంగిపోతుంది. పైపు చేతులు మారిన ఆరు నెలలకే ఇది జరిగితే తప్పు ఎవరిది? 20 ఏళ్లు నడిపినవాళ్లదా, ఆరు నెలల కింద తీసుకున్నవాళ్లదా? అప్పగింత రోజు పైపు స్థితి ఎలా ఉందో రాతపూర్వకంగా లేకపోతే దీనికి జవాబు దొరకదు.

డబ్బు ఏ దారిన వస్తుంది

పైపు ఎవరి చేతికి వెళ్తే దాని ఖర్చుకు డబ్బు కూడా వాళ్ల చేతికే వెళ్లాలి. చెప్పడానికి సులువుగా ఉన్నా లెక్క చిక్కుముడిలా ఉంటుంది. జలమండలి బిల్లులో నీటి చార్జీ పక్కన సీవరేజీ సెస్ అని ఒక వరుస ఉంటుంది. నీటి చార్జీలో 35 శాతం. అంటే ఎంత నీళ్లు కొంటే అంత మురుగు వదులుతారన్న లెక్క. కానీ శివార్లలో చాలా ఇళ్లు, అపార్ట్‌మెంట్లు బోరు నీళ్లు, ప్రైవేటు ట్యాంకర్ల మీద నడుస్తాయి. వాళ్ల జలమండలి బిల్లు చిన్నది, వదిలే మురుగు పెద్దది. పైగా ఇంటికి నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచిత నీటి పథకం 2021 జనవరిలో మొదలైంది. ప్రజలకు మేలు చేసే పథకమే. కానీ నీటి చార్జీయే సున్నా అయినప్పుడు దాని మీద శాతంగా కట్టే సెస్ ఎక్కడి నుంచి వస్తుంది? ఆ లోటును ప్రభుత్వం ఎప్పటికప్పుడు పూడ్చకపోతే పూడిక తీసే యంత్రానికి డీజిల్ కూడా కష్టమే.

మరోవైపు ఇంటి పన్ను ఉంది. మున్సిపల్ కార్పొరేషన్ చట్టంలో ఆస్తి పన్ను అంటే ఒకే పన్ను కాదు. సాధారణ పన్ను, నీటి పన్ను, డ్రైనేజీ పన్ను, దీపాల పన్ను, పారిశుధ్య పన్ను కలిపిన మొత్తం. కట్టించుకునేది కార్పొరేషన్. డ్రైనేజీ లైను ఇంకో సంస్థకు వెళ్లినప్పుడు ఆ డ్రైనేజీ భాగం కూడా అటు వెళ్లాలని అడగడం న్యాయం. ఏ నగరంలో బదిలీ జరిగినా పౌర సంఘాలు మొదట అడగాల్సిన లెక్క ఇదేనని నా అభిప్రాయం. ఎందుకంటే పైపు వెళ్లి డబ్బు వెళ్లకపోతే కొత్త యజమాని ఫిర్యాదు వచ్చిన చోటికి పరుగెత్తడం తప్ప ముందుగా ఏ లైనునూ బాగుచేయలేడు.

మరి ఇన్ని చిక్కులుంటే 2021లో బదిలీ ఎందుకు చేసినట్టు? అసలు కారణం ఎస్టీపీల దగ్గర ఉంది. ఆ ఏడాదే రాష్ట్ర ప్రభుత్వం రూ.3,866 కోట్లతో 31 కొత్త శుద్ధి కేంద్రాలకు అనుమతి ఇచ్చింది. వాటి మొత్తం సామర్థ్యం రోజుకు 1,259.5 మిలియన్ లీటర్లు. 2023 జులైలో కోకాపేటలో 15 మిలియన్ లీటర్ల కేంద్రంతో అవి ఒక్కొక్కటిగా మొదలయ్యాయి. శుద్ధి కేంద్రం కట్టేసినంత మాత్రాన చాలదు, దాని దగ్గరికి మురుగు చేరాలి. వీధి లైన్లన్నీ నాలాల్లో కలిసి ఉంటే కేంద్రానికి వచ్చేది నాలా నీరే. ఎండాకాలం చిక్కటి మురుగు, వానాకాలం బురద నీళ్లు. వీధి పైపును, ట్రంక్ లైనును, ఎస్టీపీని ఒకే సంస్థ చూస్తేనే ఎక్కడి మురుగును ఎటు మళ్లించాలో ప్రణాళిక వేయగలదు. అందుకే ఆ నిర్ణయం సరైనదేనని మొదట్లోనే అన్నాను.

దిక్కులేని పైపులోకి దిగేది ఎవరు

యజమాని తేలని పైపు వల్ల వాసన, దోమలు, రోగాలు వస్తాయని అందరికీ తెలుసు. మనుషులు చనిపోతారన్నది మాత్రం మనం గట్టిగా మాట్లాడుకోం.

సంస్థ చేతిలో ఉన్న లైను పూడుకుపోతే నీటిని ఒత్తిడితో చిమ్మి పూడిక తీసే జెట్టింగ్ యంత్రం వస్తుంది, కనీసం రావాలి. 2017లో జలమండలి ఇరుకు సందుల్లోకి వెళ్లగలిగే 70 చిన్న జెట్టింగ్ వాహనాలను రంగంలోకి దించింది. దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీతో కలిసి, వాహనాల యజమానులుగా దళిత యువత ఉండేలా ఆ పథకం రూపొందించారు. తరతరాలుగా ఎవరినైతే ఆ గుంటల్లోకి దించారో వాళ్లే యంత్రానికి యజమానులు కావడం, నా దృష్టిలో మన పట్టణాల చరిత్రలో గుర్తుపెట్టుకోవాల్సిన పని.

ఎవరిదీ కాని లైను పూడుకుపోతే ఏమవుతుంది? కాలనీ సంఘం ప్రెసిడెంటు ఫోన్‌లో ఎవరిదో నంబరు ఉంటుంది. ఇద్దరు కుర్రాళ్లు వెదురు బద్దలు, బకెట్, తాడుతో వస్తారు. గ్యాస్ కొలిచే పరికరం ఉండదు, మాస్కు ఉండదు, బెల్టు ఉండదు. మూత తీసి కాసేపు వదిలేసి ఒకడు దిగుతాడు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. వాసన పోయింది కదా, గ్యాస్ పోయిందనుకుంటాడు. రెండు మూడు శ్వాసల్లో కూలిపోతాడు. పైనున్నవాడు ఆగలేక తనూ దిగుతాడు. ఇలాంటి చావుల్లో జంటగా పోయేవాళ్లు ఎక్కువ, అందుకే.

2013లో వచ్చిన చట్టం రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషులను దించడాన్ని నేరం చేసింది. మొదటిసారి తప్పు చేస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా రూ.2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది స్థానిక సంస్థలకే కాదు, పని చేయించే ఎవరికైనా వర్తిస్తుంది. కాలనీ సంఘానికీ, అపార్ట్‌మెంట్ కమిటీకీ కూడా. ఇలా చనిపోయినవాళ్ల కుటుంబాలకు రూ.10 లక్షలు ఇవ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023 అక్టోబర్ 20న ఇచ్చిన తీర్పులో దాన్ని రూ.30 లక్షలకు పెంచింది. పూర్తి వైకల్యం వస్తే కనీసం రూ.20 లక్షలు. ఈ పరిహారం ఎవరి నుంచి రాబట్టాలన్నప్పుడు మళ్లీ మొదటి ప్రశ్నే ఎదురవుతుంది. ఆ పైపు ఎవరిది? పని చెప్పింది ఎవరు? రికార్డులో లేని లైనులో, రసీదు లేని కూలికి దిగిన మనిషి కుటుంబం ఏ ఆఫీసు గుమ్మం ఎక్కాలి? డ్రైనేజీ బదిలీని నేను ఇంత పట్టుదలగా పట్టించుకోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

చేతులు మారనివి, మిగిలిపోయినవి

2021లో కూడా వాన నీటి కాలువలు, నాలాలు జీహెచ్‌ఎంసీ దగ్గరే ఉండిపోయాయి. వాన పడగానే రోడ్డు మీద నిలిచిన నీళ్లు పోవాలని జనం మ్యాన్‌హోల్ మూతలు ఎత్తేస్తారు. ఇది ప్రాణాలు తీసే పని, చట్టప్రకారం నేరం కూడా. మేడ మీది వాన నీటి గొట్టాన్ని డ్రైనేజీ చాంబర్‌లోకి వదిలే ఇళ్లు లెక్కలేనన్ని. ఆరంగుళాల పైపులోకి వాన మొత్తం దూరితే ఎవరి చేతిలో ఉన్నా అది పొంగుతుంది. కాబట్టి వానాకాలంలో ఒక సంస్థ ఇంకో సంస్థ వైపు వేలు చూపించడం పూర్తిగా పోలేదు. హోటళ్లు, హాస్టళ్లు జిడ్డునూ చెత్తనూ ఆపే సిల్ట్ చాంబర్ కట్టుకోకుండా నేరుగా లైనులోకి వదలడం ఇంకో తలనొప్పి. 2024 అక్టోబర్ 2న జలమండలి 90 రోజుల పూడికతీత కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఇది బాగా బయటపడింది.

ఇదే పనిని ఇంగ్లండ్ ఇంకో తీరులో చేసింది. అక్కడ ఇళ్ల మధ్య ఉమ్మడిగా వాడుకునే పైపులు చాలాకాలం ఆ ఇళ్ల యజమానులవే. తమ పెరటి కింది పైపు తమదేనని అది పగిలి బిల్లు వచ్చేదాకా చాలామందికి తెలియదు. 2011 అక్టోబర్ 1న ప్రభుత్వం ఒక్క నిబంధనతో, ఆ ఏడాది జులై 1 నాటికి ప్రజా మురుగు లైనుకు కలిసి ఉన్న అలాంటి పైపులన్నిటినీ నీటి కంపెనీలకు అప్పగించేసింది. ఒక్కో లైనుకు దరఖాస్తు, పరీక్ష అని కూర్చోలేదు. ఖర్చును వాడకందారులందరి బిల్లుల్లో సర్దారు. కరెంటు, మోటార్లతో సంబంధం ఉన్న ప్రైవేటు పంపింగ్ స్టేషన్లకు మాత్రం 2016 అక్టోబర్ దాకా ఐదేళ్ల గడువు ఇచ్చారు. ఇంటి ఒక్కదానికే పనికొచ్చే, ఇంటి హద్దు లోపలి పైపు యజమానిదే అని గీత స్పష్టంగా గీశారు. మనం నేర్చుకోవాల్సింది ఆ గీత గురించి. మన దగ్గర ఆ గీత ఎక్కడుందో బిల్లు మీద కూడా రాసి ఉండదు.

ఆంధ్రప్రదేశ్ నగరాల్లో ఈ సమస్య వేరే రూపంలో కనిపిస్తుంది. విజయవాడ, విశాఖ లాంటి చోట్ల నీరు, మురుగు రెండూ కార్పొరేషన్‌వే కాబట్టి రెండు ఆఫీసుల గొడవ తక్కువ. కానీ కొత్త భూగర్భ డ్రైనేజీ (యూజీడీ) పనులు చాలా పట్టణాల్లో ప్రజారోగ్య ఇంజినీరింగ్ శాఖ చేసి, తర్వాత మున్సిపాలిటీకి అప్పగిస్తుంది. కట్టేవాళ్లు ఒకరు, నడిపేవాళ్లు ఇంకొకరు. అప్పగింత రోజు డ్రాయింగులు, పరీక్షల నివేదికలు చేతికి వచ్చాయా లేదా అన్న ప్రశ్న అక్కడా అంతే ముఖ్యం.

హైదరాబాద్‌లో ఇప్పుడు ఇదంతా మళ్లీ మొదటికొచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు లోపల, దాన్ని ఆనుకుని ఉన్న మణికొండ, నార్సింగి, నిజాంపేట, బోడుప్పల్, పీర్జాదిగూడ, తెల్లాపూర్, అమీన్‌పూర్ లాంటి 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్‌ఎంసీలో కలపాలని 2025 నవంబర్‌లో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. 2007లో ఎల్బీనగర్, కూకట్‌పల్లి ఎలా ఉండేవో ఇప్పుడు ఇవి అలా ఉన్నాయి. బిల్డర్లు వేసిన లైన్లు, సంఘాలు వేసిన లైన్లు, చెరువులో కలిసే లైన్లు. అప్పటిలా పరిపాలనను కలిపేసి మురుగును 14 ఏళ్లు వదిలేస్తే, ఈసారి నష్టం ఇంకా పెద్దది. ఎందుకంటే అప్పుడు రెండంతస్తుల ఇళ్లు, ఇప్పుడు 40 అంతస్తుల టవర్లు. కలిపిన మొదటి ఏడాదిలోనే ప్రతి వీధి లైను మీదా సర్వే చేసి, పటం గీసి, ఎక్కడ కలుస్తోందో రాసి, ఆ తర్వాతే ఏ సంస్థ చేతికి ఇస్తారో ప్రకటించాలి. సర్వే కంటే ముందు ప్రకటన వస్తే అది ఫిర్యాదుల ఫోన్ నంబరు మార్చడం వరకే.

అప్పటిదాకా ఆ ప్రాంతాల కాలనీ సంఘాలు చేయగలిగింది కొంత ఉంది. బిల్డరు రాసిన గిఫ్ట్ డీడ్ కాపీ సంపాదించండి, దానికి డ్రైనేజీ డ్రాయింగ్ ఉందో లేదో చూడండి. లైను చివర ఎక్కడ కలిసిందో నడిచి వెళ్లి చూసి, ఫొటో తీసి తేదీతో పెట్టుకోండి. పూడిక తీయించాల్సి వస్తే మనిషిని దించకుండా యంత్రం కోసం రాతపూర్వకంగా అడగండి. జలమండలి పరిధిలో ఉంటే 155313కు చెప్పి ఫిర్యాదు నంబరు రాసుకోండి. లైను వేసిన కాంట్రాక్టరు ఇంకా దగ్గర్లోనే ఉంటే పిలిపించి, ఏ మలుపులో ఏ లోతున ఎన్ని అంగుళాల పైపు వేశాడో కాగితం మీద గీయించుకోండి. దానికి రెండు కాపీలు తీయించి, ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద ముద్రతో రసీదు తీసుకోండి.